పాడేది మనమేనా? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ పాటల చుట్టూనే తిరిగాయి. ఇంట్లో పాడుకోవడం దగ్గర మొదలై సంఘంలో స్పీకర్ల హోరు దాకా వచ్చాయి. ఒకేలాంటి ప్రశ్నలను కలిపి, ఎక్కువమందికి పనికొచ్చేవాటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: ఆదివారం సంఘంలో బాగానే పాడతాను. సోమవారం నుంచి శనివారం దాకా ఒక్క పాటా నోట పలకదు. ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ రోజూ స్తుతించడం ఎలా అలవాటు చేసుకోవాలి?

జవాబు: దానికోసం ప్రత్యేకంగా సమయం వెతక్కండి. వీలు చూసుకుని పాడదామనుకుంటే ఆ వీలు ఎన్నటికీ చిక్కదు. రోజూ ఎలాగూ చేసే పనికి పాటను ముడిపెట్టండి: పక్క సర్దడం, స్నానం, గిన్నెలు కడగడం, ఏదైనా సరే. ఉదయం దేవుని కృపను, ప్రతి రాత్రి ఆయన విశ్వాస్యతను ప్రచురించడం మంచిదని 92వ కీర్తన అంటుంది. రోజుకు రెండు కొసలు అక్కడే దొరికాయి. పొద్దున ఒక చరణం, రాత్రి ఒక చరణం చాలు. రెండూ కలిపి అయిదు నిమిషాలు దాటవు.

నెలకు ఒక్క పాటే పెట్టుకోండి. మొదటి వారం పల్లవి, మొదటి చరణం. రెండో వారం రెండో చరణం, మూడో వారం మూడోది. నాలుగో వారం పుస్తకం మూసేసి పాడండి. ఈ లెక్కన ఏడాదికి పన్నెండు పాటలు మొదటినుంచి చివరిదాకా నోటికొస్తాయి. ఇది తక్కువేమీ కాదు. మనలో చాలామందికి వంద పల్లవులు వచ్చు గానీ, ఒక్క పాటలోనైనా మూడో చరణం రాదు.

కీర్తనల గ్రంథాన్ని కూడా చేర్చుకోవాలంటే తేదీ లెక్క సులువు. మొత్తం 150 కీర్తనలు, నెలకు 30 రోజులు, కాబట్టి రోజుకు అయిదు. ఇవాళ 7వ తేదీ అయితే 7, 37, 67, 97, 127. తేదీకి ముప్పై చొప్పున కలుపుకుంటూ పోవడమే. అయిదూ చదవలేకపోతే వాటిలో ఒకటి ఎంచుకుని పైకి చదవండి. పెదవులు కదలకుండా కళ్లతో చదివితే ఈ అలవాటు నిలవదు. 29వ తేదీ దగ్గర చాలామంది ఆగిపోతారు. ఆ రోజు వంతులో 176 వచనాల 119వ కీర్తన ఉంటుంది మరి. దాన్ని 31వ తేదీలకు దాచుకోండి. ఎనిమిదేసి వచనాల చొప్పున ఇరవై రెండు భాగాలుగా ఉంది కాబట్టి కొన్ని భాగాలు చదివి ఆపినా అతుకు తెలియదు. రోజు తప్పితే బాకీ తీర్చే ప్రయత్నం చెయ్యకండి, ఆ రోజు తేదీ దగ్గరే మొదలుపెట్టండి. బాకీ పేరుకుపోయాక పుస్తకం ముట్టుకోబుద్ధి కాదు.

ప్రశ్న: పని చేసుకుంటూ రోజంతా ఇయర్‌ఫోన్లలో క్రైస్తవ గీతాలు వింటాను. ఇదీ ఆరాధనే కదా?

జవాబు: వినడంలో తప్పేమీ లేదు, కాకపోతే వినడం వేరు, పాడడం వేరు. కొలస్సయులకు రాసిన పత్రిక 3:16లో పాటల ద్వారా ఒకరికొకరు బోధించుకోవాలని, బుద్ధి చెప్పుకోవాలని ఉంది. మీ చెవిలోని పాట పక్కనున్నవారికి ఏ బుద్ధీ చెప్పదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ప్రాచీన సంఘ బోధకుడు అగస్టీన్ తన ‘ఒప్పుకోళ్లు’ పదో పుస్తకంలో దాన్ని దాచకుండా రాశాడు: పాటలోని మాటకంటే గొంతు తీపే తనను ఎక్కువ కదిలించినప్పుడు అది తన పాపమేనని ఒప్పుకున్నాడు. అలాగని సంఘంలో పాట వద్దనలేదు, బలహీనులను పాట లేవనెత్తుతుందని అక్కడే అన్నాడు.

మీకొక చిన్న పరీక్ష. ఇప్పుడే విన్న పాట రెండో చరణంలో ఏముందో చెప్పగలరా? చెప్పలేకపోతే అది నేపథ్య సంగీతంగా మారిపోయిందన్నమాట. అదే పాటను ఇంకోసారి విని, ఆపేసి, మీ గొంతుతో పాడండి.

ప్రశ్న: నాకు శృతి నిలవదు. పక్కవాళ్లు తిరిగి చూస్తారని పెదవులు మాత్రం కదుపుతాను. ఏమైనా దారి ఉందా?

జవాబు: ఉంది. శృతి అసలు పట్టలేనివాళ్లు చాలా అరుదు. ఎక్కువమంది తమది కాని శృతిలో పాడబోయి, అందక, తమకు పాట రాదని తేల్చేసుకుంటారు. ముందు మీ శృతి తెలుసుకోండి. ఫోన్‌లో తంబూరా యాప్ పెట్టుకుంటే మగవాళ్లకు సాధారణంగా ఒకటి, ఒకటిన్నర శృతుల (సి, సి షార్ప్) దగ్గర, ఆడవాళ్లకు అయిదు, అయిదున్నర (జి, జి షార్ప్) దగ్గర హాయిగా ఉంటుంది. ఒక మెట్టు అటూ ఇటూ మార్చి చూసుకోండి.

తరవాత రోజుకు అయిదు నిమిషాల సాధన. పెదవులు మూసి, తంబూరా పలికే షడ్జాన్నే (స) పది సెకన్లు ‘మ్’ అంటూ పలకండి. మీ గొంతుకు, దానికి మధ్య అలలా ఒక వణుకు వినిపిస్తే ఇంకా కలవలేదని అర్థం. కింది నుంచి మెల్లగా జారుతూ పైకి రండి. వణుకు ఆగిన చోట శృతి కలిసినట్టు. అది నిలిచాక స–ప–స, ఆ తరవాత తెలిసిన పాటలో ఒక్క పల్లవి. ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. మొదట్లో మీ గొంతు మీకే నచ్చదు, అది అందరికీ ఉండేదే. వాయిద్యం లేకుండా పాడినప్పుడు శృతి దిగజారిపోతుంటే కారణం చాలావరకు ఊపిరి. వాక్యం చివరికి గాలి అయిపోయి స్వరం కుంగుతుంది. ఊపిరి తీసుకునే చోట్లు పుస్తకంలో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి.

సంఘంలో, స్థిరంగా పాడే మనిషి పక్కన నిలబడండి. అరచెయ్యి చెవి వెనక దొప్పలా పెట్టుకుంటే మీ గొంతు మీకు బాగా వినబడుతుంది. పెదవులు మాత్రం కదపడం మానెయ్యండి. 100వ కీర్తన అడిగింది ‘ఉత్సాహధ్వని’. అందులో కచేరీ ఊసు లేదు.

గొంతు బొంగురుపోయి మూడు నాలుగు వారాలైనా తగ్గకపోతే మాత్రం సాధన ఆపి, చెవి–ముక్కు–గొంతు డాక్టర్‌కు చూపించండి.

ప్రశ్న: మా అమ్మ పోయి నెలన్నర అయింది. సంఘంలో ‘అందరూ స్తుతించండి’ అంటే నాకు నోరు పెగలదు. పాడకపోతే విశ్వాసం సన్నగిల్లిందంటున్నారు. నేనేం చెయ్యాలి?

జవాబు: సహోదరీ, ఆ మాట అన్నవాళ్లు కీర్తనల గ్రంథాన్ని పూర్తిగా చదివి ఉండరు. అందులో దాదాపు మూడోవంతు విలాపాలే. 13వ కీర్తన తీసుకోండి, ఉన్నవి ఆరే వచనాలు. మొదటి రెండింటిలో ‘ఇంకెంతకాలం’ అన్న ప్రశ్న నాలుగుసార్లు వస్తుంది. మూడు, నాలుగు వచనాల్లో వేడుకోలు. అయిదు, ఆరులో నమ్మకం, ఆ తరవాతే పాట. మిమ్మల్ని తొందరపెట్టేవాళ్లు నేరుగా ఆరో వచనంలోకి దూకమంటున్నారు. 88వ కీర్తనలో ఆ మలుపు కూడా లేదు, చీకట్లోనే ముగుస్తుంది. అయినా దాని శీర్షికలో గీతమనే రాసి ఉంది. దాన్నీ జనం పాడారు.

యాకోబు పత్రిక 5:13 ఇంకా తేటగా విడదీసింది: శ్రమ సంభవించినవాడు ప్రార్థన చెయ్యాలి, సంతోషం కలిగినవాడు కీర్తనలు పాడాలి. ప్రస్తుతం మీ వంతు మొదటిది.

ఆచరణలోకి వస్తే, కొన్ని వారాలు సంఘంలో కూర్చుని వినండి. మీ బదులు మిగతావాళ్లు పాడతారు, సంఘం ఉన్నది అందుకు కూడా. ఇంట్లో 136వ కీర్తన పట్టుకోండి. దాని ఇరవై ఆరు వచనాల్లో ప్రతిదాని రెండో సగమూ ‘ఆయన కృప నిరంతరముండును’ అన్న ఒకే మాట. ఇంట్లో ఎవరైనా మొదటి సగం చదివితే మీరు ఆ ఒక్క మాట అంటే చాలు. ఇరవై ఆరుసార్లూ అనలేకపోయినా ఫరవాలేదు, వాళ్లు అంటారు. మరికొన్నాళ్లకు 13వ కీర్తన నమూనాలో ఒక కాగితం మీద మూడు ముక్కలు రాసుకోండి: ఫిర్యాదు, వేడుకోలు, నమ్మకం. మూడోది ఖాళీగా ఉండిపోతే ఉండనివ్వండి, తేదీ వేసి దాచండి.

పాడబోతే ఏడుపొచ్చి గొంతు పూడుకుపోవడం శరీరం చేసే పని, దానికి సిగ్గుపడక్కర్లేదు. ఒక గుక్క నీళ్లు తాగి పెదవులు మూసి రాగం మాత్రం తియ్యండి, లేదా మాటలను పాడకుండా పలకండి. నిద్ర, తిండి వారాల తరబడి పూర్తిగా చెడిపోతే ప్రార్థనతోపాటు డాక్టర్ దగ్గరికీ వెళ్లాలి.

ఆరాధన నడిపేవాళ్లకు ఒక మాట. ప్రతి ఆదివారం మీ ఎదుట ఇలాంటివాళ్లు ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు. మీ వరసలో అన్నీ గంతులేసే పాటలే ఉంటే వాళ్లకు చోటెక్కడ?

ప్రశ్న: మా సంఘంలోకి కీబోర్డు, గిటార్, డ్రమ్స్ వచ్చాయి. పాట మునుపటికంటే వినసొంపుగా ఉంది. కానీ జనం పాడడం మానేశారు, నిలబడి చూస్తున్నారు. లోపం ఎక్కడ?

జవాబు: జనం భక్తిలో లోపం ఉందని ముందే తీర్పు చెప్పకండి. మొట్టమొదట శృతి చూడండి. వర్షిప్ టీం పాటను రికార్డింగ్‌లో విన్న శృతిలోనే ఎత్తుకుంటుంది. ఆ శృతి ఆ గాయకుడి గొంతుకు కుదిరింది, మామూలు మనిషి అంత ఎత్తుకు వెళ్లలేడు. కీబోర్డు మధ్య సి కంటే కొంచెం కిందున్న ఏ లేదా బి నుంచి, పై స్థాయిలోని సి లేదా డి వరకు ఉంటే ఆడవాళ్లు హాయిగా పాడగలరు. మగవాళ్లు అదే పాటను ఒక స్థాయి కింద పాడుకుంటారు. పాటలో అన్నిటికన్నా ఎత్తైన స్వరం ఎక్కడుందో వెతకండి, సాధారణంగా చరణం మధ్యలోనో చివరి మలుపులోనో దొరుకుతుంది. అది ఎఫ్ మీద ఉందనుకుందాం. డి మీదికి దించాలంటే మూడు అర్ధస్వరాలు తగ్గాలి, కీబోర్డులో శృతి మార్చే ట్రాన్స్‌పోజ్‌ను మైనస్ మూడుకు పెట్టండి. అప్పుడు కింది స్వరాలు మరీ అడుక్కి పోతున్నాయేమో కూడా చూసుకోవాలి. రెండు వైపులా ఇమడని పాట విడిగా ఒకరు పాడడానికి బాగుంటుంది గానీ సంఘమంతా పాడడానికి పనికిరాదు. అలాంటిదాన్ని పక్కన పెట్టే ధైర్యం ఉండాలి.

వాయిద్యాల్లేకుండా పాట ఎత్తేవాళ్లు చేసే పొరపాటు కూడా ఇక్కడిదే. పల్లవి కింద ఉంటుంది కదా అని హాయిగా మొదలుపెడతారు, చరణం వచ్చేసరికి అందరి గొంతులూ చిరుగుతాయి. ఎత్తుకునే ముందు చరణంలోని పై వాక్యాన్ని లోలోపల పాడి చూసి, అక్కణ్నుంచి పల్లవికి దిగి మొదలుపెట్టండి.

తరవాతిది శబ్దం. పక్కవాడి గొంతు వినబడనప్పుడు మనిషి తన గొంతు తగ్గించేస్తాడు. తాను పాడినా పాడకపోయినా తేడా లేదనిపిస్తుంది. హాలు మధ్యలో నిలబడి వినండి: జనం గొంతు స్పీకర్లను దాటి వినబడకపోతే డ్రమ్స్, కీబోర్డు తగ్గించాలి. చెవుల సంగతీ ఉంది. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు ఉండొచ్చన్నది వృత్తి ఆరోగ్యంలో వాడే ఒక కొలత. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 94 దగ్గర ఒక గంట, 100 దగ్గర పావుగంట మాత్రమే. ఫోన్‌లోని కొలత యాప్ ఉజ్జాయింపుగానే చెబుతుంది, కానీ అది వంద చూపిస్తుంటే అనుమానించాల్సిన పని లేదు. చంటిపిల్లలను స్పీకర్ ముందు వరసలో కూర్చోబెట్టకండి.

మైకు కుయ్యిమంటే మిక్సర్ మీద పడకముందు మైకు పట్టుకున్న చెయ్యి చూడండి. జాలీని గుప్పిట్లో మూసి పట్టుకుంటే మైకు అన్ని వైపులనుంచీ శబ్దం లాక్కుంటుంది, కూత అక్కడే పుడుతుంది. జాలీ కింద పట్టుకుని, నోటికి అయిదు నుంచి పది సెంటీమీటర్ల దూరంలో ఉంచండి. చాలా సంఘాల్లో వాడే కార్డియాయిడ్ మైకుకు వెనకవైపు వినికిడి తక్కువ. అందుకే పాడేవాళ్లకు వాళ్ల గొంతు వినిపించే మానిటర్ స్పీకర్‌ను సరిగ్గా మైకు వెనకభాగం చూసే చోట పెట్టాలి. మెయిన్ స్పీకర్లు ఎప్పుడూ మైకులకంటే ముందు, జనంవైపు ఉండాలి.

ఇక మూడోది, జనానికి ‘ఇప్పుడేంటి?’ అన్నది తెలియకపోవడం. పల్లవి ఈసారి రెండుసార్లా, నాలుగుసార్లా? చరణాల మధ్య సంగీతం ఎంతసేపు? రికార్డింగ్‌లోని పదహారు బార్ల (తాళ ఆవర్తాల) సంగీతాన్ని సంఘంలో నాలుగుకు కుదించండి. పల్లవి ఎన్నిసార్లో ముందే అనుకుని ప్రతి వారం అలాగే చెయ్యండి. నడిపే మనిషి పాట అందుకోవడానికి ఒక తాళం ముందు ఊపిరి తీసుకోవడం జనానికి కనబడాలి. అదే వాళ్లకు సైగ. తెర మీద మాటలు చూపిస్తే, ఉన్న పంక్తిలో చివరి మాట పలుకుతుండగానే తరవాతి పంక్తులు రావాలి. అది పూర్తయ్యాక మారిస్తే మొదటి మాట ఎప్పుడూ సగంమంది నోట్లో తెగిపోతుంది.

కొత్త పాటలు నెలకు ఒకటి మించొద్దు. మొదటి వారం టీం పాడి వినిపించాలి, జనం పల్లవి మాత్రం అందుకుంటారు. వరసగా మూడు వారాలు అదే పాట రావాలి. ఒకసారి పాడి రెండు నెలలు వదిలేస్తే ప్రతిసారీ కొత్తదే. చివరి చరణంలో వాయిద్యాలన్నీ ఆపి గొంతులు మాత్రం వదిలి చూడండి. జనం పాడుతున్నారో లేదో ఆ నిమిషంలో దాపరికం లేకుండా తెలిసిపోతుంది. 1761లో, మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ సంఘంలో పాడేవాళ్లకు ఏడు సూచనలు అచ్చేశాడు. అందరూ పాడండి, మీ గొంతొక్కటే వినబడేలా అరవకండి, తాళానికి ముందూ వెనకా పోకండి, అన్నిటికీ మించి ప్రతి మాటలో దేవునివైపు చూడండి అన్నవి వాటిలోవే. అప్పటికి మైకు లేదు!

ప్రశ్న: ఇంగ్లీషు పాటల బాణీల్లో తెలుగు మాటలు రాస్తున్నాను. పాడితే ఏదో ఎబ్బెట్టుగా ఉంటోంది. ఎలా దిద్దుకోవాలి?

జవాబు: ఎబ్బెట్టుకు మూలం చాలాసార్లు హ్రస్వదీర్ఘాలే. తెలుగులో అచ్చు నిడివి మారితే అర్థమే మారిపోతుంది. సాగదీసే స్వరం మీద ‘వరము’ పెడితే ‘వారము’ అవుతుంది, ‘పదము’ ‘పాదము’ అవుతుంది, ‘కలము’ ‘కాలము’ అవుతుంది. వరమిచ్చిన దేవుడు వారమిచ్చిన దేవుడైపోతాడు. బాణీలో సాగే స్వరాలను ముందే గీత గీసి గుర్తుపెట్టుకుని, అక్కడ గురువు (సాగే అక్షరం) పడే మాటలే వెయ్యండి: దేవా, ప్రేమ, నీవే, రాజా. గబగబా పోయే చోట లఘువులు (పొట్టి అక్షరాలు): కరుణ, కృప, మహిమ.

ఊపిరి ఆగే చోటు కూడా చూడండి. ‘నన్ను విడువని దేవుడు’ అన్నదాంట్లో ‘విడువ’ దగ్గర బాణీ ఆగితే ‘ని దేవుడు’ అని వేరే మాట మొదలైనట్టు వినబడుతుంది. మాట మధ్యలో ఊపిరి పడకూడదు.

రాశాక రాగం లేకుండా పైకి చదివించండి, అదీ పాట తెలియని మనిషి చేత. ఎక్కడ తడబడితే అక్కడ మార్చండి. ఆ చదువులోనే విషయాన్నీ తూచండి. ‘నేను, నా, నాకు’ ఎన్నిసార్లు వచ్చాయి? దేవుడు ఏం చేశాడో చెప్పే క్రియలు ఎన్ని ఉన్నాయి? మొదటి లెక్క రెండోదానికి రెట్టింపు అయితే పాట పాడేవాడి చుట్టూనే తిరుగుతోంది. 136వ కీర్తనను ఎదురుగా పెట్టుకుంటే తేడా కనబడుతుంది. అందులో సృష్టి, విమోచన, అరణ్యం, ఆహారం అన్నీ ఆయన చేసిన పనులే.

ప్రశ్న: కుటుంబ ప్రార్థనలో పిల్లలు కుదురుగా ఉండరు. పాట మొదలవగానే లేచిపోతారు.

జవాబు: పాట వాళ్ల గొంతుకు మరీ కింద ఉందేమో చూడండి. నాన్న శృతిలో పిల్లలు పాడలేరు, గొంతు అందక మాట్లాడినట్టు పలుకుతారు, విసుగొచ్చి లేచిపోతారు. మధ్య సి పైనున్న డి నుంచి ఏ దాకా వాళ్లకు సుఖం. అమ్మ ఎత్తుకుంటే కొంత నయం. మొత్తం ప్రార్థన ఏడెనిమిది నిమిషాలకు కుదించండి, పాట మొదట్లోనే ఉండాలి. చదవడం రాని పిల్లలకు తిరిగి తిరిగి వచ్చే పంక్తిని అప్పగించండి. చదవగలిగినవాళ్లకు పాట ఎంచుకునే పని వారానికొకరి చొప్పున ఇవ్వండి. వారమంతా ఒకే పాట ఎంచుకున్నా అడ్డుచెప్పకండి. 117వ కీర్తనకు రెండే వచనాలు, పిల్లలు వారంలో అప్పజెప్పగలరు.

ప్రశ్న: పాడేటప్పుడు చప్పట్లు కొట్టాలా, చేతులెత్తాలా, మోకరించాలా? మా ఇంట్లోనే మూడు అభిప్రాయాలున్నాయి.

జవాబు: మూడూ కీర్తనల్లోనే ఉన్నాయి. 47లో చప్పట్లు, 134లో ఎత్తిన చేతులు, 95లో మోకరింపు. 149లో నాట్యం ఉంది, 46లో ‘ఊరకుండుడి’ కూడా ఉంది. కాబట్టి ఒకరినొకరు దిద్దుకోవద్దు. పాటలోని మాటను బట్టి పోండి, పాపపు ఒప్పుకోలు పాటకు చప్పట్లు నప్పవు.

చప్పట్లతో వచ్చే చిక్కు ఒక్కటే, తాళం. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. 17 మీటర్ల వెనకున్నవాళ్లకు పాట సెకనులో ఇరవయ్యో వంతు ఆలస్యంగా అందుతుంది, వాళ్ల చప్పట్లు వేదిక దగ్గరికి తిరిగొచ్చేసరికి ఆ ఆలస్యం రెట్టింపవుతుంది. ముందున్నవాళ్లు వాటిని విని సర్దుకోబోతే పాట ఈడ్చుకుపోతుంది. అందుకే నడిపేవాళ్లు హాలు చివరి చప్పట్లను పట్టించుకోకుండా డ్రమ్మర్ చేతిని చూస్తూ పాడాలి.